గ్యాస్ కాదు భాయ్, అది గుండె

ప్రతి ఏటా సెప్టెంబర్ 29న వరల్డ్ హార్ట్ డే వస్తుంది. ఆ రోజు పేపర్ల హెల్త్ పేజీలో పాతబస్తీకి ఒక ఫోటో ఖాయం. బిర్యానీ దేగ్, లేదంటే తెల్లారుజామున పొగలు కక్కే నహారీ గిన్నె. కింద ఒక లైను: నూనె, నెయ్యి, గోష్త్ గుండెకు చేటు. ఇరవై ఏళ్లుగా ఈ పేశాలో ఉన్నోణ్ణి, ఆ ఫోటో ఎట్ల ఎంపికవుతుందో నాకు తెలుసు. తిండిని తిడితే సర్కార్‌కు గుస్సా రాదు. ఆసుపత్రులకు రాదు. యాడ్ ఇచ్చే నూనె కంపెనీకి కూడా రాదు. చచ్చినోడిదే కసూర్ అయిపోతుంది, పేజీ నిండిపోతుంది.

ఆ ఫోటోతో నాకు లడాయి ఉంది. అంతకంటే పెద్ద లడాయి మనతోనే ఉంది. యాకుత్‌పురా నుంచి ఫలక్‌నుమా దాకా నేను భుజం పట్టిన జనాజాల్లో గుండెపోటువి తక్కువేం కాదు. మయ్యత్ ఇంటి ముందు వేసిన కుర్చీల్లో కూర్చుని మెల్లగా అడుగుతాను, నొప్పి ఎప్పుడు మొదలైంది, దవాఖానాకు ఎప్పుడు తీసుకుపోయారు అని. జర్నలిస్టు బుద్ధి, పోదు. జవాబులో రెండు టైములు వినిపిస్తాయి. రాత్రి పదకొండుకు మొదలైంది. ఫజర్ తర్వాత తీసుకుపోయాం. ఆ మధ్యన పోయిన గంటల గురించే నేను మాట్లాడేది.

గుండె ఒళ్లంతటికీ ఖూన్ పంపుతుందని అందరికీ తెలుసు. గుండె కూడా ఒక కండే, దానికీ ఖూన్ కావాలి. ఆ ఖూన్ తెచ్చే పెద్ద నసాలు మూడు. వాటి గోడల్లో ఏళ్ల తరబడి చర్బీ పేరుకుంటుంది. ఒకరోజు ఆ చర్బీ మీది పొర చిట్లుతుంది. చిట్లిన చోట ఖూన్ గడ్డకట్టి దారి మూసేస్తుంది. హార్ట్ ఎటాక్ అంటే చాలాసార్లు ఇదే. దారి పూర్తిగా మూసుకున్న అరగంటకల్లా దాని కింది కండ చావడం మొదలవుతుంది. చచ్చిన కండ మళ్లీ బతకదు.

ఇలాజ్ రెండు రకాలు. ఒకటి, గడ్డను కరిగించే ఇంజెక్షన్. రెండోది, మణికట్టు నుంచో తొడ నుంచో సన్నటి గొట్టం పంపి, బెలూన్‌తో దారి తెరిచి స్టెంట్ వేయడం. స్టెంట్ వేసే సౌకర్యం ఉన్న దవాఖానా అయితే మరీజ్ గేటు దాటిన 90 నిమిషాల్లో నస్ తెరవాలన్నది డాక్టర్లు పెట్టుకున్న ఉసూల్. రెండు గంటల్లో అది కుదిరేట్టు లేకుంటే ఇంజెక్షన్ వెంటనే ఇచ్చెయ్యాలి. ఆ ఇంజెక్షన్ 12 గంటల లోపల ఇవ్వొచ్చు గానీ దాని అసలు తాకత్ మొదటి రెండు మూడు గంటల్లోనే. ఫజర్ దాకా ఆగినోడు ఆ తాకత్‌ను ఇంట్లోనే పారబోసి వచ్చినట్టు.

మరి ఆ రాత్రంతా ఇంట్లో ఏం జరుగుతుంది? "అరే కుఛ్ నై రే, గ్యాస్ హై." ముందు ఒక సోడా. తర్వాత వాము నమిలిస్తారు. తర్వాత ఎవరో నజర్ తగిలిందని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తారు. ఒక పిలగాణ్ణి మెడికల్ షాపుకు పంపితే ఎసిడిటీ గోలీ పట్టుకొస్తాడు. ఎవరైనా దవాఖానా మాట ఎత్తితే మరీజే కోప్పడతాడు, "పైసలు ఎక్కువయ్యాయా, నక్కో" అని. తెల్లారుతుంది. అప్పుడు ఇద్దరి మధ్యన కూర్చోబెట్టుకుని స్కూటర్ మీద తీసుకుపోతారు.

గ్యాస్ నొప్పికీ గుండె నొప్పికీ ఫరక్ కనిపెట్టడం డాక్టర్‌కే కష్టం. అందుకే ఆయన ముందు ఈసీజీ తీయిస్తాడు. కాగితం చూడకుండా ఆయన చెప్పలేనిదాన్ని చబుత్రా మీద కూర్చున్న చాచా ఎట్ల చెప్తాడు? ఛాతీ మధ్యన బండ పెట్టినట్టు బరువు, అది ఎడమ చేతికో రెండు చేతులకో దవడకో వీపుకో పాకడం, చల్లటి చెమట, ఊపిరి ఆడకపోవడం, వాంతి, ఏదో అయిపోతోందన్న ఘబరాహట్. ఇవి పది పదిహేను నిమిషాలు తగ్గకుండా ఉంటే అది గుండె అనే అనుకోవాలి. గ్యాస్ అని తేలితే షుకర్ అల్హందులిల్లా, ఇంటికి వచ్చి సోడా తాగండి.

గుండెను వదిలేసి ఇంకోచోట చూడటం ఈ షహర్‌కు కొత్త కాదు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ జమానాలో, 1888లో ఒకసారి, 1889లో మళ్లీ, హైదరాబాద్ క్లోరోఫాం కమిషన్ కూర్చుంది. నడిపించింది రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ. రెండోదానికి నిజాం ఖర్చు పెట్టుకుంటే లండన్ నుంచి లాడర్ బ్రంటన్ అనే పెద్ద డాక్టర్ దిగాడు. క్లోరోఫాం ఇచ్చినప్పుడు మనిషి చస్తే ముందు ఆగేది ఊపిరా, గుండెనా అన్నది సవాల్. వందల జంతువుల మీద తజ్రుబాలు చేశారు. ముందు ఆగేది ఊపిరే, దాన్ని చూసుకుంటే చాలు, నాడి పట్టుకుని కూర్చోనక్కర్లేదు అని ఫైసలా చెప్పారు. 1911లో లెవీ అనే ఇంగ్లండ్ డాక్టర్ ఆ ఫైసలాను తిరగేశాడు. క్లోరోఫాం కింద గుండె ఉన్నట్టుండి తాళం తప్పి, ముందు తానే ఆగిపోగలదని చూపించాడు. లారీ నాడిని వదిలి ఊపిరిని చూడమన్నాడు. మనం గుండెను వదిలి కడుపును చూస్తున్నాం. ఆయన దగ్గర కనీసం తజ్రుబాలు ఉన్నాయి, మన దగ్గర సోడా సీసా ఉంది.

ఆడవాళ్ల సంగతి ఇంకా ఘోరం. మా ఫుప్పూకు పదిహేనేళ్ల నుంచి షుగర్. షుగర్ చాలాకాలం ఉన్నవాళ్లకు నొప్పి చెప్పే నరాలు మొద్దుబారతాయి. గుండెపోటు వచ్చినా ఛాతీలో పెద్దగా నొప్పి తెలియకపోవచ్చు. ఆయాసం, వాంతి, నీరసం, అంతే. ఫుప్పూ రెండు రోజులు "కమ్‌జోరీ" అంటూనే అందరికీ వండి పెట్టింది. ఇంట్లో మగాళ్లు లేరు, లేడీ డాక్టర్ సాయంత్రం వస్తుంది, అప్పుడు పోదాం అన్నారు. నేను అప్పుడు జిల్లాలో నౌకరీ చేస్తున్నా, ఫోన్ వచ్చేసరికి గుసుల్ కూడా అయిపోయింది. ఇంట్లో మగాడికి ఛాతీ పట్టుకుంటే కనీసం సోడా తెస్తారు. ఆడదానికి అది కూడా తేరు, కొంచెం పడుకో అంటారు. అమ్మీలు, ఆపాలు, ఖాలాలు, ఈ ముక్క మీకే రాస్తున్నా. వంట చేస్తుంటే ఎప్పుడూ లేని ఆయాసం వచ్చి చెమట పడితే పొయ్యి ఆపేయండి. గట్టిగా చెప్పండి. ఈసీజీ తీసే చోట ఆడ నర్సు ఉంటుంది, పర్దాకు ఏం కాదు.

ఇంక తక్దీర్ వాదం. "మౌత్ కా వక్త్ ముఖర్రర్ హై, డాక్టర్ ఏం చేస్తాడు?" ఈ మాట అన్న పెద్దమనిషి తన దుకాణానికి రెండు తాళాలు వేస్తాడు. దొంగతనం మాత్రం తక్దీర్ కాదా మరి? ఒంటెను ముందు కట్టెయ్యి, తర్వాత తవక్కుల్ పెట్టుకో అన్న తాలీమ్ మనదే. ప్రతి మర్జ్‌కూ షిఫా ఉంది, వెతుక్కోండి అన్నదీ మనకే. అంగ్రేజీ దవా మనది కాదు అనేవాళ్లకు ఒక మాట. గుండె కుడివైపు నుంచి ఖూన్ ఊపిరితిత్తులకు పోయి అక్కడి నుంచి ఎడమవైపు వస్తుందని 13వ సదీలోనే రాసింది ఇబ్న్ అల్ నఫీస్, డమాస్కస్‌లో చదివి కైరోలో పనిచేసిన హకీం. యూరప్‌కు ఆ ముచ్చట తెలియడానికి ఇంకా మూడు వందల ఏళ్లు పట్టింది. గుండె ఇల్మ్‌లో మన వాటా ఉంది. చార్మినార్ పక్కనున్న నిజామియా దవాఖానా మీద నాకు ఇజ్జత్ ఉంది, ఖమీరా మీద దుష్మనీ లేదు. కానీ స్టెంట్ వేయించుకున్న మనిషి ఖమీరా తింటున్నానని గోలీలు ఆపేస్తే అది యూనానీ కాదు, ఖుద్‌కుషీ.

గోలీలు ఆపడం మన రెండో పెద్ద కసూర్. గుండెపోటు తర్వాత స్టెంట్ వేస్తే ఖూన్ గడ్డకట్టకుండా రెండు గోలీలు ఇస్తారు. ఒకటి ఆస్పిరిన్, రెండోది క్లోపిడోగ్రెల్ లాంటిది. మామూలుగా రెండూ కలిపి ఏడాది, ఆ తర్వాత ఒకటి ఉమర్ భర్. స్టెంట్ అంటే ఒంట్లో పెట్టిన లోహపు జల్లెడ. దాని మీద లోపలి పొర పెరిగేదాకా ఖూన్ అక్కడ గడ్డకట్టడానికి చూస్తూనే ఉంటుంది. డాక్టర్‌ను అడగకుండా గోలీ ఆపితే స్టెంట్ ఒక్కసారిగా మూసుకుపోవచ్చు, అప్పుడొచ్చే ఎటాక్ మొదటిదానికంటే ఖతర్నాక్. పన్ను పీకించుకోవాలన్నా గుండె డాక్టర్‌ను అడగాల్సిందే. వీటితోపాటు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్, బీపీకి, షుగర్‌కు గోలీలు. బాగానే ఉన్నాను కదా అని ఆపేస్తారు. బాగున్నది ఆ గోలీల వల్లే భాయ్.

రంజాన్ వస్తే ఇది ఇంకా ఎక్కువ. మరీజ్‌కు రోజా మాఫ్ అని, తర్వాత రోజుల్లో పెట్టుకోవచ్చని, అదీ చేతకానివాళ్లకు ఫిద్యా ఉందని ఖురాన్‌లోనే ఉంది. అల్లాహ్ ఇచ్చిన రుఖ్సత్‌ను మొహల్లా వాళ్లు ఏమనుకుంటారోనని వదిలేసుకోవడం తఖ్వా ఎట్ల అవుతుంది? నిలకడగా ఉన్న చాలామంది మరీజ్‌లు రోజా పెట్టగలరు, గోలీలను సెహ్రీకీ ఇఫ్తార్‌కీ సర్దవచ్చు. కొత్తగా ఎటాక్ వచ్చినవాళ్లు, గుండె బలహీనపడి నీరు తీసే గోలీలు వాడేవాళ్లు ఆగాల్సి రావచ్చు. చెప్పాల్సింది డాక్టర్, అడగాల్సింది షాబాన్‌లోనే. మస్జిద్ కమిటీలు ప్రతి ఏడాది రంజాన్ టైం టేబుల్ అచ్చేస్తాయి, వెనక వైపు హలీం దుకాణం యాడ్ ఉంటుంది. అక్కడ ఈ నాలుగు లైన్లు వేస్తే ఎన్ని ఇళ్లు నిలబడతాయో!

గోలీలు ఆపడంలో మన కసూర్ ఎంతో, కాగితం కసూరూ అంతే. నేను ఉర్దూ మీడియం స్కూల్‌లో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి. మొహల్లాలో నా అసలు నౌకరీ దవాఖానా కాగితాలు చదివిపెట్టడం. డిశ్చార్జ్ కాగితం అంగ్రేజీలో ఉంటుంది. గోలీ పట్టీ అంగ్రేజీలో ఉంటుంది. ఉర్దూ అఖ్బార్ మొత్తం చదివే అమ్మీ ఆ కాగితం ముందు అన్‌పఢ్ అయిపోతుంది. ఏ గోలీ ఏడాదికి, ఏది ఉమర్ భర్, ఆమెకెవరు చెప్పాలి? ఇదే షహర్‌లో 1918లో ఉర్దూ మీడియంలో ఉస్మానియా యూనివర్సిటీ పెట్టారు. దారుత్తర్జుమాలో సైన్సు కితాబులన్నీ తర్జుమా చేయించారు. పోలీస్ యాక్షన్ దాకా డాక్టరీ కూడా ఉర్దూలోనే చదివారు. డాక్టరీ మొత్తం ఉర్దూలో చెప్పిన షహర్‌లో ఇప్పుడు ఒక్క చీటీ ఉర్దూలో దొరకదు. 2017 నుంచి ఉర్దూ తెలంగాణ మొత్తానికి రెండో సర్కారీ జబాన్. అది ఆఫీసు బోర్డు మీద ఉంటే ఎవరికి ఫాయిదా? ఒక పేజీ, ఒకవైపు ఉర్దూ, ఒకవైపు తెలుగు, పొద్దున సూర్యుడి బొమ్మ, రాత్రి చాంద్ బొమ్మ. ఇంత అడగడానికి మన లీడర్లకు జబాన్ లేదా?

"స్టెంట్ అంతా దందా" అనేవాళ్లు ఇంకొందరు. ఈ మాటలో సగం నిజం ఉంది కాబట్టే ఖతర్నాక్. 2017 ఫిబ్రవరిలో కేంద్రం రేటు కట్టేదాకా ఒక్కో స్టెంట్‌కు లక్ష, అంతకు మించి గుంజిన చోట్లు ఉన్నాయి. రేటు కట్టినప్పుడు మందు పూసిన స్టెంట్‌కు 29,600 రూపాయలు, మామూలు దానికి 7,260 అని తేల్చారు. అంటే అన్నాళ్లూ తేడా ఎవరి జేబులోకి పోయింది? నడిస్తే వచ్చి ఆగితే పోయే నిలకడైన నొప్పిలో, మంచి మందులు వాడేవాళ్లకు స్టెంట్ వేసినందువల్ల ఆయుష్షు అదనంగా పెరగలేదని 2007లో వచ్చిన కరేజ్, 2020లో వచ్చిన ఇస్కీమియా పరిశోధనలు చెప్పాయి. అలాంటప్పుడు రెండో డాక్టర్‌ను అడగడం మీ హక్. అయితే నస్ మూసుకుని ఎటాక్ నడుస్తున్నప్పుడు స్టెంట్ ప్రాణం నిలబెడుతుంది. అప్పుడు ఐసీయూ తలుపు దగ్గర బేరమాడుతూ కూర్చుంటే నష్టపోయేది లోపల పడుకున్నవాడు. కంచన్‌బాగ్ డీఆర్‌డీఎల్‌లో ఏళ్ల తరబడి మిసైళ్లు చేసిన అబ్దుల్ కలాం సాబ్, గుండె డాక్టర్ సోమరాజు గారితో కలిసి 1998లో గరీబుల కోసం చవక స్టెంట్ తయారుచేశారు. స్టెంట్ చవకగా కావాలన్న ఫికర్ పుట్టింది ఇక్కడే, చాంద్రాయణగుట్ట పక్కనే. దాన్నే దందా అని ఒక్క మాటలో కొట్టేస్తామా?

ఇప్పుడు బిర్యానీకి వస్తా. 52 దేశాల్లో చేసిన ఇంటర్‌హార్ట్ పరిశోధన 2004లో వచ్చింది. మొదటి గుండెపోటు ప్రమాదంలో దాదాపు 90 శాతం తొమ్మిది కారణాల దగ్గరే తేలింది. పొగాకు, చెడు కొలెస్ట్రాల్, బీపీ, షుగర్, పొట్ట, మనసు మీది భారం, పండ్లు కూరగాయలు తినకపోవడం, ఒళ్లు కదపకపోవడం, మందు అలవాటుకు సంబంధించిన ఒకటి. మన దక్షిణాసియా వాళ్లకు మొదటి ఎటాక్ మిగతా ప్రపంచం కంటే ఐదారేళ్లు ముందే వస్తోందనీ అదే చెప్పింది. ఆ లిస్టులో బిర్యానీ పేరు లేదు. శుక్రవారం తిన్న ఒక ప్లేటు మనిషిని చంపదు. రోజూ పది గ్లాసుల చక్కెర చాయ్, జర్దా, గుట్కా, బీడీ, బేకరీలో డాల్డా, మళ్లీ మళ్లీ మరిగించిన నూనెలో మిర్చీ, రాత్రి పన్నెండుకు షాదీ దావత్, రెండింటి దాకా చబుత్రా, ఏడాదికోసారి కూడా చూపించుకోని బీపీ, ఇవీ చంపేవి. ఫోటో తీస్తే వీటికి తీయండి.

ఇంకో ఫోటో కూడా తీయండి. నడవండి నడవండి అని డాక్టర్లు చెప్తారు. వారానికి 150 నిమిషాలు. ఎక్కడ నడవాలి సాబ్? గల్లీలో రెండు బండ్లు ఎదురైతే మనిషి గోడకు అతుక్కోవాలి. ఆడవాళ్లు నడిచే పార్కు మీ మొహల్లాలో ఎంత దూరం? అంబులెన్స్ తిరగలేని గల్లీలో ఉండేవాడికి పరహేజ్ పాఠం చెప్పి వెళ్లిపోతే ఎట్ల?

సర్కార్‌ను అడగాల్సింది ఇక్కడే. 1908 మూసీ తుగ్యానీ అఫ్జల్‌గంజ్ దవాఖానాను ముంచేస్తే, మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఉస్మానియా దవాఖానా కట్టించాడు. 2020 జూలైలో వాన నీళ్లు ఆ వార్డుల్లోకి వచ్చాయి, ఆ నెలాఖరుకే పాత బిల్డింగ్‌కు తాళం పడింది. కొత్త ఉస్మానియాకు గోషామహల్‌లో పునాది పడింది 2025 జనవరి 31న. తాళానికీ పునాదికీ మధ్య నాలుగున్నరేళ్లు. 2022 ఏప్రిల్‌లో ఒకే రోజు మూడు పెద్ద టిమ్స్ దవాఖానాలకు రాళ్లు వేశారు. సనత్‌నగర్, కొత్తపేట, అల్వాల్. చార్మినార్‌కు దక్షిణాన ఒక్కటీ లేదు. 2023 డిసెంబర్‌లో ఆరోగ్యశ్రీ పది లక్షలకు పెంచారు, షుక్రియా. కానీ కార్డు మీద ఎన్ని లక్షలున్నా రాత్రి రెండింటికి ఈసీజీ తీసి, చదివి, ఇంజెక్షన్ ఇచ్చే తలుపు దగ్గర్లో తెరిచి ఉండాలి. 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు మంచి పని. బీపీ, షుగర్ అక్కడే చూస్తారు. అయితే ఆటో నడిపేవాడు, లాడ్ బజార్‌లో గాజుల పని చేసేవాడు పగటి కూలి వదులుకుని రాలేడు. వాటిని మగ్రిబ్ తర్వాత కూడా తెరవండి. ప్రతి నియోజకవర్గంలో ఒక్క చోటైనా రాత్రంతా ఈసీజీ, గడ్డ కరిగించే ఇంజెక్షన్, స్టెంట్ వేసే దవాఖానాకు తిన్నగా తీసుకుపోయే అంబులెన్స్ పెట్టండి. ఓటు అడగడానికి వచ్చినప్పుడు గల్లీ గల్లీ దొరుకుతుంది కదా, అంబులెన్స్‌కే ఎందుకు దొరకదు?

సర్కార్ చేసేదాకా మనం చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. 108 ఈ షహర్‌లోనే 2005 ఆగస్టు 15న మొదలైంది, ఆ నంబర్ తలుపు వెనక రాసి పెట్టండి. గల్లీ ఇరుకైతే ఒక పిలగాణ్ణి మెయిన్ రోడ్డు మీద నిలబెట్టండి. స్కూటర్ వద్దు. మరీజ్‌ను నడిపించొద్దు, మెట్లు ఎక్కించొద్దు. ఆస్పిరిన్ పడనివాళ్లు, కడుపులో ఖూన్ పోయే జబ్బున్నవాళ్లు కాకపోతే, 108 వాళ్లను అడిగి 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించండి. నాలుక కింద పెట్టే గోలీ పక్కింటివాళ్లది తెచ్చి పెట్టొద్దు, బీపీ పడిపోతే అదే ప్రాణం తీస్తుంది. మనిషి కుప్పకూలి, పిలిస్తే పలకక, ఊపిరి సరిగ్గా లేకపోతే ఛాతీ మధ్యన రెండు చేతులు పెట్టి గట్టిగా, రెండంగుళాల లోతుకు, నిమిషానికి వందకు పైగా నొక్కుతూ ఉండండి, అంబులెన్స్ వచ్చేదాకా. మన తాలీమ్‌ఖానాల్లో పహిల్వాన్లు అంతంత కండలు పెంచుతున్నారు. ఒక్క ఇతవార్ పూట డాక్టర్‌ను పిలిచి వాళ్లకు ఇది నేర్పిస్తే ప్రతి మొహల్లాకూ నలుగురు తయారవుతారు.

ఈ రోజు ఇంట్లో ఒక పని చేయండి. అమ్మీ, అబ్బా కాగితాలు తీయండి. ఏ గోలీ ఎప్పుడో, ఎన్నాళ్లో మీకొచ్చిన జబాన్‌లో పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కు అతికించండి. కింద రాత్రి తెరిచి ఉండే దగ్గరి దవాఖానా పేరు రాయండి. అది ఏదో తెలియకపోతే ఇప్పుడే లేచి కనుక్కోండి.